ఐన్‌స్టీన్ అధ్యక్ష పదవి వద్దన్నది సరైన పనేనా? మా సార్ కూడా ఆయన్నే చూపిస్తున్నారు

గోదారి_గట్టు

మూడు రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ పెడుతున్నా. మాది గోదావరి పక్కన చిన్న మున్సిపాలిటీ. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు మా వార్డులో. సగం ఊరికి చదువు చెప్పింది ఆయనే. పదేళ్లుగా పిల్లల్ని వెంటేసుకుని వీధి కుళాయిల దగ్గర నీళ్లు పట్టి, ఏ వీధిలో క్లోరిన్ అందడం లేదో పరీక్ష చేసి, కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చి వస్తారు. వాళ్లు తీసుకుంటారు, పక్కన పెడతారు.

ఈసారి వీధి వీధంతా కలిసి ఆయన ఇంటికెళ్లాం. కౌన్సిలర్‌గా నిలబడండి సార్, ఖర్చు మాది, గెలిపించే పూచీ మాది అన్నాం. కాఫీలిచ్చి అంతా విని, వద్దని ఒక్క మాటలో తేల్చేశారు. నేను మళ్లీ అడగబోతే "1952లో ఇజ్రాయెల్ వాళ్లు అధ్యక్షుడిగా రమ్మంటే ఐన్‌స్టీన్ ఏం జవాబు రాశాడో చదువు" అన్నారు.

చదివాను. కోపం ఇంకా పెరిగింది. జీవితమంతా పదార్థ ప్రపంచంతోనే గడిపానని, మనుషులతో వ్యవహరించే నేర్పు, అనుభవం తనకు లేవని రాశాడాయన. ఇది తప్పించుకోవడం కాదా? చేతనైనవాళ్లందరూ మాకు చేతకాదని తలుపేసుకుంటే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి?

మట్టెవాడ_మనోడు

నీ మాటే నా మాట అన్నా. మన కలాంగారు 2002లో రాష్ట్రపతిగా ఉండమంటే వెనక్కి తగ్గలేదు కదా. ఆయన మాత్రం శాస్త్రవేత్త కాదా? ఐదేళ్లు దేశంలో పిల్లలందరితో మాట్లాడిండు. పదవి పుచ్చుకుంటే సైన్సుకు మైల పడుతుందా?

చిన్నోడు_98

ఐన్‌స్టీన్‌ని ప్రధానమంత్రిగా ఉండమన్నారని కదా మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది?

ఫిజిక్స్_మాస్టారు

ప్రధానమంత్రి కాదు బాబూ, అధ్యక్షుడు. మన రాష్ట్రపతిలాంటి పదవే, అక్కడ అధికారం మనకంటే కూడా తక్కువ. పాలించేది ప్రధాని, అప్పుడు ఆయన డేవిడ్ బెన్ గురియన్. ఈ తేడా పట్టుకోకపోతే గోదారిగారి ప్రశ్న సగమే అర్థమవుతుంది.

జరిగింది ఇది. ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు ఖాయిమ్ వైజ్‌మన్ 1952 నవంబర్ 9న చనిపోయారు. ఆయనా శాస్త్రవేత్తే, రసాయన శాస్త్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి మందుగుండు తయారీకి ఎసిటోన్ కావాల్సి వస్తే, పిండి పదార్థాన్ని బ్యాక్టీరియాతో పులియబెట్టి దాన్ని తీసే పద్ధతి కనిపెట్టినాయన. 1921లో ఐన్‌స్టీన్, ఆయన కలిసి అమెరికా తిరిగి జెరూసలేంలో హీబ్రూ యూనివర్సిటీ కోసం చందాలు పోగుచేశారు. అంటే ఖాళీ అయింది పాత స్నేహితుడి కుర్చీ.

ఐన్‌స్టీన్ పేరు ముందు ఒక పత్రిక ఎత్తింది, తర్వాత బెన్ గురియన్ అందుకున్నారు. సంగతి చెవిన పడగానే ఐన్‌స్టీన్ వాషింగ్టన్‌లో రాయబారి అబ్బా ఎబాన్‌కి ఫోన్ చేసి, ఇది నావల్ల కాదని చెప్పేశారు. ఫోన్లో వద్దన్నారని మా ప్రభుత్వానికి ఎలా చెప్పమంటారు, పద్ధతి ప్రకారం అడగాలి కదా అన్నారు ఎబాన్. నవంబర్ 17 తేదీతో ఉత్తరం రాసి, తన కింది అధికారి చేతికిచ్చి ఐన్‌స్టీన్ ఉండే ప్రిన్స్‌టన్ పంపారు. ఇజ్రాయెల్ వచ్చి ఉండాలి, పౌరసత్వం తీసుకోవాలి, మీ పరిశోధనకు పూర్తి స్వేచ్ఛ, సదుపాయం ఉంటాయని ప్రధాని హామీ ఇస్తున్నారు అని అందులో ఉంది. జవాబు మర్నాటి తేదీతోనే ఉంది, నవంబర్ 18.

గోదారిగారూ, మీరు చెప్పిన వాక్యం ఆ జవాబులో ఉంది, నిజమే. దాని ముందూ వెనకా కూడా చదవండి. మన ఇజ్రాయెల్ దేశం అడిగినందుకు మనసు కదిలిందని, ఒప్పుకోలేకపోతున్నందుకు బాధ, సిగ్గు రెండూ ఉన్నాయని మొదలుపెడతారు. యూదులతో తనకున్న బంధమే తన జీవితంలో అన్నిటికంటే గట్టి బంధం అని కూడా రాశారు. చేతులు దులుపుకునేవాడు సిగ్గుగా ఉందని రాస్తాడా?

డాక్టర్_కర్నూలు

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పటికి ఆయనకి 73. పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బి ఉందని 1948 డిసెంబర్‌లో ఆపరేషన్ చేసినప్పుడు తేలింది. ఇప్పటిలా కృత్రిమ నాళం పెట్టే వీలు లేని రోజులు. సర్జన్ నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టి కుట్లు వేశారు. చాక్లెట్లకి చుట్టే కాగితమే. అది తగిలి చుట్టూ కణజాలం గట్టిపడి ఉబ్బుని పట్టి ఉంచుతుందని ఆలోచన. 1955 ఏప్రిల్‌లో అదే పగిలి పోయారు. ఆ ఉత్తరంలో వయసు వల్ల బలం తగ్గుతోందని రాసింది మాటవరసకు కాదు.

మట్టెవాడ_మనోడు

డాక్టర్ సాబ్ చెప్పింది ఒప్పుకుంటా. కానీ మాస్టారూ, బాధ సిగ్గు అని రాసుడు మర్యాద. ఎవరైనా అట్లనే రాస్తరు.

ల్యాబ్_సీత

మట్టెవాడ తమ్ముడూ, కలాంగారి కథ 2002లో మొదలుపెడితే ఎలా? 1998కి వెళ్లు. మార్చిలో వాజ్‌పేయి మంత్రివర్గం కూర్చుకుంటూ ఒక అర్ధరాత్రి కలాంగారికి ఫోన్ చేసి కేబినెట్‌లోకి రమ్మన్నారు. ఆలోచించుకుని పొద్దున్నే వెళ్లి, అగ్ని క్షిపణి పనిలో, అణు కార్యక్రమం పనిలో తలమునకలై ఉన్నాం, అక్కడ ఉంటేనే నేను ఎక్కువ ఉపయోగపడతానని చెప్పి మంత్రి పదవి వద్దన్నారు. రెండు నెలలకి, మే 11న, 13న పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. అంటే ఆయన కూడా ఒకసారి కాదన్న మనిషే.

నా సొంత అనుభవం ఒకటి. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా గైడ్ చాలా మంచి శాస్త్రవేత్త, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రయోగ ఫలితం గీతలుగా కనిపించే జెల్ ఫొటోలో గీత గీతకీ అర్థం చెప్పేవారు. డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాత ఆ ఫొటో చూపించడానికే నేను మూడు వారాలు తిరిగాను. ఆయన తప్పు కాదది. పొద్దున టెండర్ల ఫైలు, మధ్యాహ్నం ఢిల్లీ ఫోను, సాయంత్రం యూనియన్ వాళ్లు. ఐదేళ్లయ్యాక మళ్లీ ల్యాబ్‌లోకి వచ్చారు. కొత్త పేపర్లు చదువుతుంటే పరాయి ఊళ్లో దిగినట్టుంది సీతా అన్నారు. కళ్లు చెమ్మగిల్లాయి ఆ మాట అంటుంటే. ఎవరన్నా పరిశోధకుడు కుర్చీ వద్దంటే నాకు ఆ కళ్లే గుర్తొస్తాయి.

గోదారి_గట్టు

సీతగారూ, మీ బాధ అర్థమైంది. కానీ మా సార్ రిటైరయ్యారు. ఆయనకి పోయే పరిశోధన లేదు. ఐన్‌స్టీన్ కూడా అప్పటికి ఉద్యోగం నుంచి రిటైరైనవాడే కదా.

ఫిజిక్స్_మాస్టారు

రిటైరైనా పని మానలేదు. గురుత్వాకర్షణనీ విద్యుదయస్కాంతాన్నీ ఒకే సిద్ధాంతంలో ఇమడ్చాలని చివరిదాకా లెక్కలు చేస్తూనే ఉన్నారు. ఆసుపత్రి మంచం మీదకి కూడా ఆ కాగితాలు తెప్పించుకున్నారు.

ఎడిసన్_పద్మ

మేం న్యూజెర్సీలో ఉంటాం, ప్రిన్స్‌టన్ మాకు అరగంట దూరం. ఇండియా నుంచి ఎవరొచ్చినా అటు తీసుకెళ్తా. మెర్సర్ స్ట్రీట్‌లో 112 నంబరు, తెల్లటి చెక్క ఇల్లు. 1935 నుంచి పోయేదాకా అక్కడే ఉన్నారు. మా మామయ్యగారు వచ్చినప్పుడు, టికెట్ ఎక్కడమ్మా అని అడిగారు. టికెట్ లేదు, లోపలికి వెళ్లడానికీ లేదు, అందులో ఎవరో కాపురం ఉంటారు. తన తర్వాత ఆ ఇంటిని మ్యూజియం చెయ్యొద్దని ఆయనే చెప్పిపోయారు. మామయ్యగారు చెప్పులు విడిచి రోడ్డు మీదే దణ్ణం పెట్టుకున్నారు, కుక్కతో వెళ్తున్న ఒకావిడ ఆగి చూసింది.

ఆ ఇంటి ముందు నిలబడితే నాకనిపించేది ఒకటే. జర్మనీ వదిలి వచ్చి, నడుచుకుంటూ ఆఫీసుకెళ్లే దూరంలో చిన్న జీవితం కట్టుకున్న ముసలాయన. భార్య పోయింది, తనతోనే ఉన్న చెల్లెలు 1951లో పోయింది. ఇప్పుడు మళ్లీ మూట సర్దుకుని కొత్త దేశానికి రమ్మంటే ఎలా వెళ్తాడు? మా అమ్మని ఇక్కడికి రమ్మంటేనే రాదు, తులసి కోటకి నీళ్లెవరు పోస్తారంటుంది.

చిన్నోడు_98

పద్మ ఆంటీ, ఐన్‌స్టీన్‌కి తులసి కోట లేకపోయినా వయొలిన్ ఉంది కదా, అది మోసుకెళ్లొచ్చు :)

నల్లమల_నాగరాజు

అందరూ ఆయన చేతగానితనం, ఆరోగ్యం, ఇల్లు చుట్టూ తిరుగుతున్నారు. అసలు కారణం ఆయనే ఇంకోచోట రాశాడు. తన పేరు ఎత్తిన పత్రిక మారివ్ సంపాదకుడికి రాసిన జవాబులో ఉంది. ప్రభుత్వమో పార్లమెంటో నా అంతరాత్మకి సరిపడని నిర్ణయం తీసుకుంటే నా గతేమిటి అని అందులో అడిగాడు. జరిగేదాన్ని మార్చే అధికారం తనకు లేనంత మాత్రాన నైతిక బాధ్యత తప్పిపోదు అన్నాడు. సవతి కూతురు మార్గోతో ఇంకా సూటిగా చెప్పాడు: అధ్యక్షుణ్నైతే అప్పుడప్పుడు ఆ ప్రజలకు రుచించని మాటలు చెప్పాల్సి వస్తుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. యూదు రాజ్యం కంటే అరబ్బులతో కలిసి శాంతిగా బతికే ఒప్పందమే నాకు ఇష్టమని 1938లోనే న్యూయార్క్ సభలో చెప్పాడు. 1948 డిసెంబర్ 4న న్యూయార్క్ టైమ్స్‌లో రాజకీయ తత్వవేత్త హానా ఆరెంట్ తదితరులతో కలిసి సంతకం చేసిన ఉత్తరం ఉంది. దేర్ యాసిన్ అనే అరబ్బుల గ్రామంలో జరిగిన ఊచకోతని చూపించి, ఇజ్రాయెల్ నాయకుడు మెనాకెమ్ బెగిన్ పార్టీ పద్ధతులు నాజీ, ఫాసిస్టు పార్టీలకి దగ్గరగా ఉన్నాయని రాశారు. ఆ బెగినే 1977లో ప్రధాని అయ్యాడు. యూదు రాజ్యం వచ్చాక ఐన్‌స్టీన్ దానికి అండగా నిలిచాడు, అయినా మాట దాచుకోలేదు. అలాంటివాడిని సంతకాలు పెట్టే కుర్చీలో కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు?

అవతలివాళ్లకీ ఈ సంగతి తెలుసు. ఉత్తరం పంపి జవాబు కోసం చూస్తున్నప్పుడు బెన్ గురియన్ తన దగ్గర పనిచేసే ఇట్జాక్ నవోన్‌ని అడిగాడు: ఆయన సరే అంటే ఏం చెయ్యాలో చెప్పు, అడక్కుండా ఉండలేక అడిగాను, ఒప్పుకున్నాడంటే మనకి కష్టాలే అని. ఆ నవోన్ తర్వాత 1978లో తానే అధ్యక్షుడయ్యాడు.

మట్టెవాడ_మనోడు

ఈ నవోన్ ముచ్చట నాకు తెల్వదు. నాగరాజన్నా, ఇది చదివినంక నాకు కొంచెం మారింది. అయినా ఒకటి అడుగుతా. అంతరాత్మ ఉన్నోడు కుర్చీల ఉంటేనే కదా ఆపగలిగేది?

నల్లమల_నాగరాజు

ఏ కుర్చీ అన్నది ముఖ్యం తమ్ముడూ. ఆపే అధికారం ఉన్న కుర్చీ వేరు, సంతకం మాత్రమే ఉన్న కుర్చీ వేరు. నువ్వు తెచ్చిన కలాంగారినే చూడు. 2005 మేలో ఆయన మాస్కోలో ఉండగా బిహార్ అసెంబ్లీ రద్దు కాగితం అర్ధరాత్రి అక్కడికి పంపి సంతకం చేయించారు. తర్వాత సుప్రీంకోర్టు ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమంది. నిర్ణయం మంత్రివర్గానిది, సంతకం ఆయనది. రాజీనామా లేఖ రాసిపెట్టుకున్నానని, ప్రధాని వచ్చి బతిమాలితే ఆగానని ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. 2006లో, కొన్ని లాభదాయక పదవుల్లో ఉన్నా ఎంపీల సభ్యత్వం పోకుండా చూసే బిల్లు వెనక్కి పంపారు. పార్లమెంటు మళ్లీ పంపింది, ఆగస్టులో సంతకం పెట్టక తప్పలేదు. ఐన్‌స్టీన్ 1952లో ఏది ఊహించి వద్దన్నాడో, అది కలాంగారికి నిజంగా జరిగింది.

ల్యాబ్_సీత

నాగరాజుగారూ, ఇది నాకు తట్టలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్లు జలదరించింది.

మియాపూర్_శారద

నాది చాలా చిన్న విషయం, అయినా రాస్తాను. రెండేళ్ల క్రితం మా అపార్ట్‌మెంట్‌లో నన్ను అసోసియేషన్ ప్రెసిడెంట్ చేశారు. అందరితో బాగుంటారు మేడమ్ అని పట్టుబట్టారు. మూడో నెలలో కమిటీ మీటింగ్‌లో, పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ వాడకూడదని తీర్మానం పెట్టారు. నేను వద్దన్నాను, గట్టిగానే వాదించాను. ఓట్లలో ఓడిపోయాను. నోటీసు టైప్ చేసి తెచ్చారు, కింద ప్రెసిడెంట్ సంతకం ఉండాలన్నారు. రూలు ప్రకారం పెట్టాను.

మర్నాడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఐదో అంతస్తు మెట్లెక్కి వచ్చి, "అమ్మా, కాగితం మీద మీ పేరే ఉందంట కదా" అంది. వేరే ఏమీ అనలేదు. నేను వాదించిన సంగతి ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? నెల తిరక్కుండా పదవి వదిలేశాను. ఇప్పుడు మామూలు సభ్యురాలిగా ప్రతి మీటింగ్‌లో లేచి నిలబడి అదే విషయం అడుగుతాను. నోటీసు ఇంకా ఉంది. కానీ కింద నా పేరు లేదు.

ఎడిసన్_పద్మ

శారదగారూ, మీది చిన్న విషయం కాదండీ.

చిన్నోడు_98

శారద మేడమ్, లిఫ్ట్ విషయంలో ఈసారి మీటింగ్ ఉంటే చెప్పండి. నేనూ మియాపూరే. మా బ్లాకులో ఆ నోటీసు మేం కుర్రాళ్లం కలిసి తీయించాం.

పాలమూరు_పశువైద్యుడు

అందరూ ఒకే పక్క లాగుతున్నారు కాబట్టి అవతలి పక్క ఒకటి చెప్పాలి. మా పెదనాన్న కూతురు వ్యవసాయ శాస్త్రంలో పీజీ చేసింది. ఊళ్లో సర్పంచ్ సీటు మహిళకి వస్తే పట్టుబట్టి నిలబడి గెలిచింది. మొదటి ఏడాదే ఊళ్లోని ప్రతి కమతం మట్టి పరీక్షకి పంపించింది. అదే అక్క అంతకు ముందు నాలుగేళ్లు ఆ మాటే చెప్తుంటే వినే దిక్కు లేదు. పంచాయతీ తీర్మానం మీద సంతకం పడ్డాకే కదిలింది.

శాస్త్రవేత్త రాజకీయం ముట్టకూడదంటే మేఘనాద్ సాహాని ఏం చేద్దాం? నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి చెప్పే సమీకరణం ఇచ్చిన మనిషి. ఐన్‌స్టీన్ వద్దన్న ఆ 1952లోనే మన మొదటి లోక్‌సభకి కలకత్తా నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచి వెళ్లాడు. వరదలు, నదీ లోయల ప్రణాళికలు, పరిశ్రమలు, అన్నీ సభలో లెక్కలతో సహా అడిగేవాడు.

ఫిజిక్స్_మాస్టారు

సాహా పేరు ఎత్తినందుకు మీకు రుణపడ్డాను. ఆయన, సత్యేంద్రనాథ్ బోస్ కలిసి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి చేస్తే, 1920లో కలకత్తా యూనివర్సిటీ అచ్చు వేసింది. అప్పటికి ఇద్దరూ పాతికేళ్లు దాటిన కుర్రాళ్లు. ఆ బోస్ కూడా 1952లోనే రాజ్యసభకి నామినేట్ అయ్యారు. ఒకే ఏడాది, ఐన్‌స్టీన్‌ని మనదాకా చేర్చిన ఇద్దరూ సభల్లోకి వెళ్లారు, ఆయన మాత్రం వెళ్లనన్నారు.

సాహా ప్రతిపక్షంలో కూర్చున్న ఇండిపెండెంట్. ఆయన నోరు ఎవరూ కట్టలేదు. మన పంచాంగాల్లో తేడాలు సరిచేసే కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. 1957 మార్చి 22 నుంచి అమలైన జాతీయ శక కేలండర్ దాని ఫలితమే, కానీ అది చూడకుండానే 1956లో పోయారు. ఆయన తీసుకున్నది మాట్లాడే సీటు. ఐన్‌స్టీన్‌కి ఇస్తామన్నది మాట్లాడకూడని సీటు.

మట్టెవాడ_మనోడు

ఇది కరెక్ట్. అయితే మాస్టారూ, గోదారన్న సార్‌కి ఇస్తామన్నది కౌన్సిలర్ సీటు. అది మాట్లాడే సీటే కదా! మరి ఆయన ఐన్‌స్టీన్‌ని అడ్డం పెట్టుకునుడు న్యాయమేనా?

ఫిజిక్స్_మాస్టారు

మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన్నే అడగాలి.

పాలమూరు_పశువైద్యుడు

ఇంకోటి. ఐన్‌స్టీన్ పదవి లేకుండా మాట్లాడినా పేపర్లో మొదటి పేజీలో వేస్తారు. 1953లో ఒక స్కూలు టీచర్‌కి, కమ్యూనిస్టులని వెతికే విచారణ కమిటీ ముందు సాక్ష్యం చెప్పనని తిరగబడమని ఉత్తరం రాస్తే అమెరికా అంతా అదే చర్చ. మన లెక్చరర్ సార్ కాగితం రాస్తే పక్కన పెడతారు. పేరు లేనివాడికి పదవే గొంతు.

నల్లమల_నాగరాజు

ఇది ఒప్పుకోక తప్పదు.

డాక్టర్_కర్నూలు

ఇజ్రాయెల్‌లో తర్వాత ఇంకో శాస్త్రవేత్త కూడా అధ్యక్షుడయ్యాడు, ఎఫ్రాయిమ్ కాట్జిర్, 1973లో. ప్రొటీన్ల మీద పనిచేసినాయన. ఐదేళ్లు చేసి మళ్లీ పరిశోధనకి వెళ్లిపోయాడు. అందరి స్వభావం ఒకటి కాదు, ఎవరి ఒంటికి ఏది పడుతుందో వాళ్లకే తెలుస్తుంది.

ఎడిసన్_పద్మ

1955 ఏప్రిల్‌లో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆయన వెంట లెక్కల కాగితాలే కాదు, ఇంకోటి కూడా ఉంది. ఇజ్రాయెల్ ఏడో స్వాతంత్ర్య దినానికి ప్రసారం చెయ్యాల్సిన ఉపన్యాసం చిత్తుప్రతి. అమెరికా పౌరుడిగానో యూదుడిగానో కాదు, ఒక మనిషిగా మాట్లాడుతున్నా అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. పదవి వద్దన్న రెండున్నరేళ్లకి ఆ దేశంతో మాట్లాడటానికే మంచం మీద కూర్చుని రాస్తున్నారు. గోదారిగారూ, ఈయన్ని తప్పించుకున్నాడని నేను అనలేను.

గోదారి_గట్టు

అందరి పోస్టులూ రెండుసార్లు చదివి, పొద్దున సార్ ఇంటికి వెళ్లాను. ఫోన్లో శారదగారి పోస్టు చూపించాను. కళ్లజోడు పైకెత్తి మెల్లగా చదివారు, చాలాసేపు ఏమీ అనలేదు.

మట్టెవాడ తమ్ముడి ప్రశ్న అడిగేశాను. కౌన్సిలర్ సీటు మాట్లాడే సీటే కదా సార్ అని. "మీ వీధి వాళ్లు ఖర్చు పెట్టుకుంటామన్నారు. వాళ్లలో ఇద్దరు పైపు లైన్ల కాంట్రాక్టర్లు. రేపు వాళ్లేసిన పైపు దగ్గర నీళ్లు పడితే ఏ రంగు వచ్చిందని రాయమంటావు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ ఇద్దర్నీ నేనే వెంటబెట్టుకెళ్లాను.

పాలమూరు గారు చెప్పిన గొంతు సంగతి కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, అది నిజమే అన్నారు. ఎవరి డబ్బూ తీసుకోకుండా నిలబడే కుర్రాళ్లు ఎవరన్నా ఉంటే, పదేళ్ల కాగితాలన్నీ ఇస్తాను, వీధి వీధీ తిరిగి చెప్తాను అన్నారు. నా వైపే చూస్తూ అన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

ఈలోగా ఆదివారం పొద్దున ఆరింటికి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరికి రమ్మన్నారు. ఆర్థోటోలిడిన్ చుక్కలు వెయ్యడం నేర్పిస్తారట, పసుపు రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టు. లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలట, కుళాయి చివర. గాజు సీసాలు ఆరు, బాగా కడిగి తెమ్మన్నారు.

చిన్నోడు_98

అన్నా, ఎక్కడ ఊరు? సెలవులకి వస్తున్నా, సీసాలు నేను పట్టుకుంటా.